బొగ్గు దిద్దిన ఇంజను

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లోనూ, దాని శివారైన కోని పరిసరాల్లోనూ తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉండడానికి మూలం 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే. నాగపూర్ నుంచి అసన్‌సోల్‌కు వెళ్లే దాని ప్రధాన మార్గం 1891లో పూర్తికాగా, ఉమరియా బొగ్గు గనుల మీదుగా కట్నీకి వెళ్లే దారి కూడా బిలాస్‌పూర్ దగ్గరే చీలడంతో ఊరు పెద్ద కూడలి అయింది. 1902లో తూర్పు కోస్తా మార్గంలోని కటక్–వాల్తేరు భాగం అదే కంపెనీ చేతికి రావడంతో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల వారికి కొలువు దొరికే చోటు ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్‌ల దాకా విస్తరించింది. వారి జీవనాధారమైన ఆవిరి ఇంజను ఆ రూపం ఎందుకు దాల్చిందో తెలియాలంటే ముందు బొగ్గు సంగతి తెలియాలి.

భారతదేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ కాబట్టి, మేలురకం బ్రిటిష్ బొగ్గు ఇచ్చే వేడిని దాని నుంచి రాబట్టాలంటే ఎక్కువ బొగ్గును వెడల్పాటి చోట పరిచి మండించాలి. 1900ల తొలినాళ్లలో బ్రిటిష్ ప్రమాణాలతో తయారైన ఎక్స్‌ప్రెస్ ఇంజన్లలో బొగ్గు మండే నిప్పుగది పెద్ద చక్రాల మధ్య ఇరుకున ఇమిడి ఉండేది. దాన్ని వెడల్పు చేయడానికి చక్రాలే అడ్డు. అందుకని నిప్పుగదిని పెద్ద చక్రాల వెనక్కి జరిపి, దాని బరువు మోయడానికి కింద రెండు చిన్న చక్రాలు అమర్చారు. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఇంజనును లాగే ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు చిన్న చక్రాలు గల ఈ అమరికకే పసిఫిక్ అని పేరు. 1920లలో దేశమంతటికీ ఉమ్మడిగా రూపొందించిన ఎక్స్ఏ, ఎక్స్‌బీ, ఎక్స్‌సీ తరగతులు మూడూ ఈ కోవకు చెందినవే. దీనికి భిన్నంగా, బ్రిటన్ బొగ్గు మీద ఆధారపడిన ఐర్లండ్‌లో గ్రేట్ నార్తర్న్ రైల్వే 1932లో డబ్లిన్–బెల్‌ఫాస్ట్ బండ్ల కోసం నాలుగు పెద్ద చక్రాల ఇంజన్లను ఐదింటిని మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ చేత చేయించుకుంది. ఒకసారి పనిచేసిన ఆవిరిని మరో సిలిండరులోకి పంపి మళ్లీ పనిచేయించే కాంపౌండు పద్ధతి వాటిది. బెంగాల్ నాగపూర్ రైల్వే సరుకు బండ్లు లాగిన మహాకాయ గారట్ ఇంజన్లను కట్టినదీ ఆ కంపెనీయే.

నిప్పుగది చిక్కు తీరినా కొత్త చిక్కు వచ్చింది. ఎక్స్‌బీ ఇంజన్లు వేగం పుంజుకున్నప్పుడు అటూ ఇటూ ఊగి పట్టాలనే వంచేవి. 1937 జులై 17న బీహార్‌లోని బిహ్టా దగ్గర ఎక్స్‌బీ లాగుతున్న ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి వంద మందికి పైగా మరణించారు. కర్నల్ మౌంట్ అధ్యక్షతన, ప్రఖ్యాత ఇంజనీరు విలియం స్టానియర్ సభ్యుడిగా ఏర్పడిన కమిటీ, ముందు వెనకల చిన్న చక్రాల బళ్లకు పక్క ఊపును అదుపుచేసే బలం చాలదని, దానికి పట్టాల లోపం తోడైందని తేల్చింది. అంతటి ప్రాణనష్టం జరిగితే గాని ఆ తనిఖీ జరగకపోవడం బాధాకరం.

ఆ అనుభవం నుంచే డబ్ల్యూపీ తరగతి పుట్టింది. డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజి, పీ అంటే ప్రయాణికుల బండి. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ తొలి నమూనాలు 16 పంపింది. నిప్పుగదిలో బొగ్గు పరిచే వైశాల్యం 46 చదరపు అడుగులు. కోసుగా ముందుకు పొడుచుకొచ్చిన ముఖం మీది నక్షత్రం దేశమంతా గుర్తుపట్టేది. 1967 నాటికి మొత్తం 755 తయారుకాగా, వాటిలో 259 చిత్తరంజన్ కర్మాగారంలోనివి.

అయితే ఆ వెడల్పాటి నిప్పుగదిలోకి బొగ్గు చేరవేసే యంత్రం లేదు. డ్రైవరు పక్కన నిలబడి పారతో విసిరే ఫైర్‌మన్ చేతులే దానికి ఆధారం. నాసిరకం బొగ్గు అంటే ఎక్కువ పారలు, గడ్డకట్టిన బూడిదను కమ్మీల మీంచి ఎక్కువసార్లు పెళ్లగించడం. ఇంజన్ల చరిత్రలో రూపకర్తల పేర్లతో పాటు ఈ శ్రమనూ లెక్కించాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు 1920ల చివర నాయకత్వం వహించిన వి.వి. గిరి అదే రైల్వే మార్గంలోని బరంపురంలో పుట్టినవారు. 1969లో ఆయన రాష్ట్రపతి అయ్యేనాటికి డబ్ల్యూపీ ఇంజన్లు ఇంకా ఎక్స్‌ప్రెస్‌లను లాగుతూనే ఉన్నాయి.