‘చిల్డ్రన్స్’ అన్నందుకు నవ్వారు: ఇంగ్లీష్‌లో ‘ఎస్’ వెనకున్న కథ

ఈరోజు మన ఎపిసోడ్ మా కాప్రా నుంచి. నా వెనకాల కనిపించేది కాప్రా చెరువు.

ముందు నా సంగతి ఒకటి చెప్తాను. డిగ్రీ అయ్యాక ఒక స్కూల్లో టీచర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ఎందుకు ఈ ఉద్యోగం అని అడిగితే, ‘ఐ లైక్ చిల్డ్రన్స్’ అన్నాను. టేబుల్ అవతల ఇద్దరూ మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. తప్పేంటో మాత్రం చెప్పలేదు. బస్సెక్కి ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్‌లో దిగేదాకా తల ఎత్తలేదు. ఆ తర్వాత చాలా రోజులు నలుగురిలో ఇంగ్లీష్ మాట్లాడటమే మానేశాను. ఒక్క ‘ఎస్’ కోసం!

సరే, ఆ ‘ఎస్’ ఎక్కడిదో చూద్దాం పదండి.

సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీష్‌లో రాజుని ‘క్యునింగ్’ అనేవాళ్లు. చాలామంది రాజులైతే ‘క్యునింగస్’. రాజు యొక్క అనాలంటే ‘క్యునింగెస్’. అంటే బహువచనానికీ, ‘యొక్క’కీ చివర వేరే వేరే శబ్దాలు. కాలం గడిచేకొద్దీ ఆ తేడా నోట్లో అరిగిపోయింది. చివరికి రెండూ కలిసి ఒకే ‘కింగ్స్’ అయ్యాయి.

అయితే అప్పట్లో అన్ని మాటలకీ ‘ఎస్’ రాదు. కొన్నిటికి చివర ‘ఎన్’ వచ్చేది. ‘ఆక్స్’కి ‘ఆక్సెన్’ ఇప్పటికీ అలాగే మిగిలింది. ఇంగ్లండ్‌లో మొదటి ప్రింటింగ్ ప్రెస్ పెట్టిన విలియం కాక్స్టన్ 1490లో ఒక కథ రాశాడు. కొందరు వ్యాపారులు థేమ్స్ నది మీద పడవలో పోతూ, గాలి లేక ఒడ్డున ఆగారు. ఒకాయన ఒక ఇంటికి వెళ్లి ‘ఎగ్స్’ కావాలన్నాడు. ఆ ఇల్లాలు, నాకు ఫ్రెంచ్ రాదు బాబూ అంది. ఆయనకి కోపం వచ్చింది, ఆయనకీ ఫ్రెంచ్ రాదు మరి! ఇంకొకాయన ‘ఐరెన్’ అన్నాక ఆమెకి అర్థమైంది. రెండూ గుడ్లే. ఒకటి ‘ఎస్’ బహువచనం, ఇంకోటి ‘ఎన్’ బహువచనం. ఇంగ్లీష్ వాళ్లకే ఇంగ్లీష్ బహువచనం అర్థం కాని రోజులు అవి.

ఇప్పుడు నా ‘చిల్డ్రన్’ దగ్గరికి వద్దాం. పాత ఇంగ్లీష్‌లో ‘చైల్డ్’కి బహువచనం ‘చిల్డ్రు’. తర్వాత అది ‘చిల్డర్’ అయింది. అదే బహువచనం. కానీ జనానికి చాలినట్టు అనిపించలేదేమో, దానికి ఇంకో ‘ఎన్’ తగిలించారు. అలా వచ్చింది ‘చిల్డ్రన్’. అంటే అది ముందే డబుల్ బహువచనం. దానిమీద నేను మూడోది పెట్టానన్నమాట.

మరి ఆ పైన పెట్టే చిన్న కామా, అపాస్ట్రఫీ? అది ఇంగ్లీష్‌లోకి 16వ శతాబ్దంలో వచ్చింది. ఒక అక్షరం ఎగిరిపోయిందని చెప్పడానికి పెట్టే గుర్తు అది. తర్వాత ‘యొక్క’ అనే అర్థానికి స్థిరపడింది. ఒక్కడిదైతే ‘ఎస్’కి ముందు, చాలామందిదైతే ‘ఎస్’ తర్వాత అనే పద్ధతి ఇంకా ఆలస్యంగా, 18వ శతాబ్దం నుంచి కుదురుకుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ‘బాయ్స్’ అని పైకి అనండి. అబ్బాయిలా, అబ్బాయిదా, అబ్బాయిలదా? చెవికి మూడూ ఒకటే. తేడా కంటికి మాత్రమే తెలుస్తుంది. నేను ‘చిల్డ్రన్స్’ ఎక్కడ నేర్చుకున్నానో తెలుసా? నవంబర్ 14న చిల్డ్రన్స్ డే. సాయంత్రమైతే చిల్డ్రన్స్ పార్క్. చిన్నప్పట్నుంచీ చెవిలో పడిన మాటే. అక్కడది ‘పిల్లల’ అని, ‘పిల్లలు’ కాదని ఎవరూ విడదీసి చెప్పలేదు.

మన ఊళ్లోనూ ఈ ‘ఎస్’లు చాలా దొరుకుతాయి. 1806లో సికందర్ జా పేరుతో సికింద్రాబాద్ వచ్చింది. అప్పటికే ఇక్కడ బ్రిటిష్ దండు ఉంది. వాళ్ల మాటలు మన నోళ్లలోకి వచ్చాయి. ఈరోజు ఆర్పీ రోడ్డు పాత పేరు కింగ్స్‌వే, అంటే రాజుగారి దారి. అందులో ‘ఎస్’ ‘యొక్క’ది, కామా మాత్రం లేదు. పాతబస్తీ వైపు బార్కస్ ఉంది కదా, అది ‘బ్యారక్స్’. అక్కడి ‘ఎస్’ బహువచనం. ఇప్పుడది ఊరి పేరులో అంటుకుపోయింది. ఇక బస్సులో ‘ఒక లేడీస్ ఎక్కింది’ అని మనమే అంటాం!

అటువైపు కూడా చూడండి. కంపెనీ దొరలు తెలుగు నేర్చుకోవాలని మద్రాసులో క్యాంప్‌బెల్ 1816లో, సి.పి. బ్రౌన్ 1840లో తెలుగు వ్యాకరణాలు అచ్చువేశారు. ఎందుకంటే మన బహువచనం తక్కువదా? ‘లు’ చేర్చితే చాలు అనుకుంటే, ఇల్లు ఇళ్లు అవుతుంది, ‘యొక్క’ దగ్గర ఇంటి అవుతుంది. చెయ్యి చేతులవుతుంది. పాలు, నీళ్లు ఎప్పుడూ బహువచనమే. ఇవి వాళ్లు పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నారు. తప్పులు చేయకుండా నేర్చుకుని ఉంటారా?

అందుకని ‘చిల్డ్రన్స్’ కరెక్టే అనడం లేదు ఫ్రెండ్స్. పిల్లలు అంటే చిల్డ్రన్. పిల్లల అంటే చిల్డ్రన్, అపాస్ట్రఫీ, ఎస్. డౌట్ వస్తే తెలుగులో ఒకసారి అనుకోండి. ‘లు’ వస్తే కామా వద్దు, ‘ల’ వస్తే కామా కావాలి. ఇంటర్వ్యూలో ఇది అవసరమే, నేర్చుకోండి. కానీ సిగ్గు మాత్రం వద్దు. ఈ రూల్ ఆకాశం నుంచి ఊడిపడలేదు. వందల ఏళ్లు తడబడుతూ, గుడ్ల దగ్గర గొడవపడుతూ మనుషులే చేసుకున్నారు.

ఆ రోజు ఎవరైనా నాకు ఈ రెండు నిమిషాల మాట చెప్పి ఉంటే బాగుండేది. మీ పక్కన ఎవరైనా ‘చిల్డ్రన్స్’ అంటే నవ్వకండి, మెల్లగా చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.