సున్నా – పదహారు: ఒక లెక్కను చదివే తీరు

ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల టోకు దుకాణాల వెనక సందులో మా బడి. 2022 అక్టోబరు 12 ఉదయం తొమ్మిదో తరగతిలో ఛందస్సు మొదలుపెట్టబోతుంటే, ఒక హమాలీ కూతురు లేచి, "సార్, ఎనిమిది సున్నా అంట గదా! మనోళ్లు ఇజ్జత్ తీసిండ్రు" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వే ఈ వ్యాసానికి కారణం.

ముందు అంకెలు చూద్దాం. పదిహేడేళ్ల లోపు బాలికల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు 2008లో న్యూజిలాండ్‌లో మొదలయ్యాయి. భారత జట్టు అందులో తొలిసారి ఆడింది 2022లో, అదీ ఆతిథ్య దేశానికి దక్కే హక్కుతో. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అక్టోబరు 11న అమెరికా చేతిలో 0-8, 14న మొరాకో చేతిలో 0-3, 17న బ్రెజిల్ చేతిలో 0-5. కొట్టింది సున్నా, పడినవి పదహారు. మొరాకోతో ఆటలో విరామం దాకా ఒక్క గోలూ పడలేదన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

ఒక కావ్యాన్ని దాని కాలం నుంచీ భౌతిక పరిస్థితుల నుంచీ విడదీసి చదవకూడదని మనం విద్యార్థులకు చెబుతాం. ఆటల పేజీ దగ్గరకు వచ్చేసరికి ఆ సూత్రాన్ని మనమే మరిచిపోతాం. నిజానికి ఈ పోటీలు ఇక్కడ 2020లోనే జరగవలసింది. కరోనా వల్ల వాయిదా పడి, చివరకు రద్దయ్యాయి. వాటి కోసం తయారైన 2003, 2004లలో పుట్టిన పిల్లలు 2022 నాటికి వయసు దాటిపోయారు. కొత్త జట్టును కూర్చవలసి వచ్చింది. ఆ జట్టు యూరప్‌లో శిక్షణలో ఉండగా, 2022 జులైలో, లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణపై సహాయ శిక్షకుణ్ణి తొలగించారు. పోక్సో కింద కేసు నడిచింది. ఆగస్టులో సమాఖ్య పీఠాల తగాదా ముదిరి, బయటివారి జోక్యం ఉందంటూ ఫిఫా భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. పది పన్నెండు రోజుల పాటు అసలు పోటీలు ఇక్కడ జరుగుతాయో లేదో తెలియని స్థితి. పదహారేళ్ల పిల్లలు ఆ పరిస్థితిలో బంతి ఆడుతూ ఉన్నారు.

జట్టు నాయకురాలు అష్టమ్ ఉరావ్. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ పిల్ల. 21 మంది జట్టులో ఆరుగురు ఆ ఒక్క రాష్ట్రం వాళ్లే. ఆమె నాయకురాలైందని తెలిశాక అధికారులు ఆమె ఇంటికి రోడ్డు వేయించడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే రోజుకూలీకి మట్టి మోశారు. ఇది పత్రికల్లో వచ్చిన వార్తే. కథకుడెవరైనా రాసి ఉంటే "మరీ కల్పన" అని మనలో ఒకరు తప్పకుండా విమర్శించి ఉండేవారు.

మన సంగతేమిటి? ఆ 21 మందిలో తెలుగు రాష్ట్రాల పిల్ల ఒక్కతె లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన సిటీ పోలీసు జట్టు ఈ హైదరాబాదుది. దాని శిక్షకుడు ఎస్.ఎ. రహీం నా లాగే బడిపంతులు. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిందీ, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిందీ ఆయన శిక్షణలోనే. ఆ వైభవ చరిత్రలో ఆడపిల్ల ఎక్కడా కనిపించదు. మా బడికి దగ్గర్లోని మైదానం పేరు గోషామహల్. గోషా అంటే పరదా. జనానా కోసం కట్టిన మహలు పేరు మైదానానికి మిగిలింది. 2025 జనవరిలో అక్కడే కొత్త ఉస్మానియా ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి కావాలి, కాదనను. అయితే మా పిల్లలు ఎక్కడ పరిగెత్తాలో కూడా ఎవరైనా చెప్పాలి.

ఆడపిల్లలకు ఫుట్‌బాల్ రాదనే వాదానికి చరిత్రలో ఆధారం లేదు. 1980లో కాలికట్‌లోనూ, 1983లో థాయ్‌లాండ్‌లోనూ జరిగిన ఆసియా పోటీల్లో భారత మహిళలు రెండో స్థానంలో నిలిచారు. 1975లో లక్నోలో పుట్టిన మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య 1990ల తొలినాళ్లలో పురుషుల సమాఖ్యలో కలిసిపోయింది. ఆ తర్వాతి పతనానికి ఆ కలయిక ఒక్కటే కారణమనను గాని, సొంత సంస్థ పోయాక వాళ్లు ఎవరి ఖర్చుల పట్టికలో అడుగున పడ్డారో ఊహించడం కష్టం కాదు.

నిజామాబాద్ జిల్లా తండా పిల్ల గుగులోత్ సౌమ్య భారత జూనియర్ జట్లలో ఆడి పెద్దయింది. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. 2024-25లో దేశవాళీ మహిళల లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. నా విద్యార్థులకు ఆమె పేరు తెలియదు. నాకూ 2022 దాకా తెలియదు.

2025 అక్టోబరులో బిష్కెక్‌లో పదిహేడేళ్ల లోపు జట్టు కిర్గిజ్‌స్థాన్‌ను 2-1తో గెలిచింది. తర్వాత ఉజ్బెకిస్థాన్‌తో ఆటలో మొదట వెనకబడినా, తండామణి బాస్కే, అనుష్క కుమారి చెరో గోల్ కొట్టడంతో అక్కడా 2-1తోనే గెలిచి, 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. 2005 తర్వాత ఇదే మొదలు. మర్నాడు బడిలో ఈ వార్త చదివి వినిపించాను. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల మాత్రం, "సార్, తండామణిది ఏ ఊరు?" అని అడిగింది.