ఒకే కొండపై రెండు నైట్‌జార్‌లు

పొద్దుగూకిన తరువాత బండిబాట మీద ముద్దగా కూర్చుని, వాహనపు వెలుగు పడగానే నిప్పుకణికల వలె ఎర్రగా మెరిసే కన్నులు గల పక్షిని మన పల్లెవాసులు పలువురు చూసే ఉంటారు. ఆంగ్లంలో నైట్‌జార్ అనే ఈ పక్షికి తమిళంలో పక్కి అని, కన్నడంలో నత్తింగ అని పేర్లు. ఇందులో పలు జాతులు కలవు. దక్షిణాదిన ఒకదానితో ఒకటి పొరబడే జాతులు రెండు: భారతీయ నైట్‌జార్, జెర్డాన్ నైట్‌జార్.

నామకరణం

మొదటి జాతికి 1790లో లాథమ్ శాస్త్రీయ నామం పెట్టాడు. రెండవదానిని 1845లో వర్ణించినవాడు థామస్ జెర్డాన్. మద్రాసు రాజధానిలో వైద్యుడుగా ఉంటూ, నెల్లూరులో కూడ కొంతకాలం పనిచేసిన పక్షి శాస్త్రజ్ఞుడాయన. కడప జిల్లాలో 1986లో మరల కనుగొనబడిన కలివికోడి ఆంగ్ల నామంలోనూ ఆయన పేరే ఉన్నది.

రూపం

రెండింటికీ ఎండుటాకుల రంగే. భారతీయ నైట్‌జార్ పొడవు సుమారు 24 సెంటీమీటర్లు. తోక పొట్టి, మెడ వెనుక లేత పసుపు పట్టీ. జెర్డాన్ నైట్‌జార్ సుమారు 28 సెంటీమీటర్లు. మెడ వెనుక పట్టీ ఇటుక ఎరుపు, మగపక్షి తోక అంచులలో పెద్ద తెల్లమచ్చలు. అయినను చీకటిలో ఈ గుర్తులు కంటికి ఆనవు. చెవినే నమ్మాలి.

స్వరం

గోలీకాయను బండపై వదిలితే మొదట నిదానంగా, పిదప వేగంగా ఎగిరి ఎగిరి ఆగుతుంది కదా! భారతీయ నైట్‌జార్ కూత అటువంటిది. జెర్డాన్ నైట్‌జార్ కూత చెక్క పలకపై సుత్తితో ఒకే వేగంతో కొట్టుచున్నట్లు ఉంటుంది.

నివాసం

మొదటిది పొదల బీళ్లు, రాతి గుట్టలు, పొలాల అంచులలో నివసిస్తుంది. రెండవది అడవి అంచులను, చెట్లు గల కొండవాలులను కోరుతుంది. కావున గోలీ చప్పుడు బీడు నుండి, సుత్తి చప్పుడు చెట్ల వైపు నుండి వినిపించడం సహజం. చెట్లు పోయి బీడు మాత్రమే మిగిలిన చోట రెండవ కూతకు తావు ఉండదు.

అపోహ, వాస్తవం

వీటి శాస్త్రీయ నామం కాప్రిముల్గస్. లాటిన్‌లో దాని అర్థం మేకల పాలు పితికేది. ఈ పక్షి రాత్రివేళ మేకల పాలు తాగునన్న అపవాదును అరిస్టాటిల్ నాడే గ్రంథస్థం చేశాడు. అది సత్యదూరం. వీటి ఆహారం రెక్కల పురుగులు, పేడపురుగులు. పశువుల చెంత పురుగులు ముసురుతాయి గనుక అచ్చటికి వస్తాయి. పాడికి వీటివలన నష్టం లేదు.

గుడ్లు

రెండు జాతులూ గూడు కట్టవు. వేసవి నెలలలో వట్టి నేలపైననే, సాధారణంగా రెండు గుడ్లు పెడతాయి. తల్లిపక్షి అడుగు దూరం వరకు కదలక పొదుగుతుంది; అందువలన కనిపించదు. బీడుకు నిప్పు పెడితే గుడ్లు, పిల్లలు అచ్చటనే కాలిపోతాయి. ఆ నెలలలో బీడును తగులబెట్టకుండుట, రాత్రి మట్టిబాటలపై వాహనాన్ని నెమ్మదిగా నడుపుట, ఈ రెండే మనం చేయవలసిన సాయం. ఈ వేసవి సంధ్యవేళ పిల్లలను ఊరి వెలుపలకు తీసుకుపోయి, ఏ కూత వినిపించునో గమనింపజేయండి.