పేరూ, పైసా, మేళం

కళాకారుల ఆత్మకథల్లో నేను మూడు సంగతులు వెతుకుతాను. పేరెలా వచ్చింది? పైసలు ఎవరి చేతిలో ఉన్నాయి? తోటి కళాకారులతో పొత్తు ఎలా సాగింది? మగవాళ్ల పుస్తకాల్లో ఈ మూడూ ధారాళంగా దొరుకుతాయి. మరి ఆడవాళ్లవి?

ఇద్దరి జీవితకథలు పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకరు భానుమతీ రామకృష్ణ, మరొకరు నిజామాబాద్ జిల్లా చిందు కళాకారిణి చిందుల ఎల్లమ్మ. ఇద్దరూ 2005లోనే కన్నుమూశారు.

భానుమతి తన కథ 'నాలో నేను' తానే రాసుకుంది. పాడింది, నటించింది, 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసి దర్శకురాలైంది. కొడుకు పేరుతో భరణీ సంస్థ, స్టూడియో ఉన్నాయి. 'మిస్సమ్మ' నిర్మాతలతో పొసగనప్పుడు తప్పుకోగలిగింది. ఆమెది పొగరన్నారు గానీ, ఆ పొగరు వెనక సొంత సంస్థ ఉందన్న సంగతి మరిచారు.

ఎల్లమ్మ కథ ఆమె చెప్పగా వేరేవాళ్లు అక్షరాల్లో పెట్టింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లోనూ చిందు మేళాలు తిరిగేవి. మాదిగలను ఆశ్రయించుకుని బతికే కులం వాళ్లది. చాలా ఆటల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టిన కాలంలో కూడా చిందు ఆడవాళ్లు గజ్జెకట్టి రాత్రంతా ఆడారు. ఎల్లమ్మ వేషంలో వచ్చిన మనిషికి ఊరు మొక్కింది. వేషం విప్పాక ఆమె మళ్లీ అంటరానిదే. పేరంటే ఇదేనా?

ఇక పైసల సంగతి. మేళమంటే కుటుంబమే. అత్త, మొగుడు, మరిది, బిడ్డ అందరూ ఆటగాళ్లే. ఊరిచ్చిన గింజలు మేళానికి చేరతాయి. అందులో ఆమె పాలు ఎంత? ఇంటి చాకిరీలాగే ఆట కూడా లెక్కకు రాని పనైపోయింది. భానుమతికి తప్పుకునే వీలుంది. మేళం విడిచిన చిందు స్త్రీ ఇల్లే విడవాలి.

1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటలను 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. రాయడం రానివాళ్లకూ చరిత్ర ఉందని అది రుజువు చేసింది. ఆ పని కళాకారిణుల విషయంలో చాలావరకు మిగిలే ఉంది. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు పాటలు మాత్రమే అడిగి రాకండి. పాడినందుకు ఏమిచ్చారో, అది ఎవరు తీసుకున్నారో కూడా అడగండి.