టెంకి

తమిళనాట కడలికి దూరమైన ఉద్దనపల్లివంటి హోసూరు సీమ పల్లెలయందు తమిళుల 'తిరుక్కై' యన్న పేరే చెవిని సోకునేమో గాని, ఇసుకనంటి బ్రదుకు బల్లపరుపు ముల్లుచేపకు మన తీరపు బెస్తలు పెట్టుకొన్న పేరు టెంకి. నేడు టేకు అనుటయు కలదు.

విశాఖపట్టణపు చేపలను రెండువందలింటిని చిత్రింపించి 1803లో లండనున ప్రకటించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్, పడవవారు పలికిన పేర్లనే గ్రంథమున నిలిపెను. పండితుడు పామరుని నోటిమాటకిట్లు పీటవేయుట నాకు మిక్కిలి ప్రీతికరము. అందలి 'వొల్గ టెంకి' నుండియే, 1841లో జర్మను శాస్త్రజ్ఞులు ముల్లర్, హెన్లేలు ఒక చిరుజాతికుంచిన 'వాల్గా' యను నామము పుట్టినదని తలంతురు. 2016లో అది బ్రెవిట్రైగాన్ గణమున చేరినది.

నోరు బురదనంటియుండగా కన్నుల వెనుక రంధ్రములతో నీరు పీల్చు ఈ చిరుజాతి జీవి సాధారణముగా అడుగు వెడల్పైన మించదు. కనుక దీనిని పెద్ద టెంకి పిల్లగా భ్రమింతురు. అట్టియెడ తోక మొదట పరికింపవలెను: అచటి జత అంగములు దీర్ఘములై గట్టిపడియున్నచో అది పిల్ల గాదు, ఎదిగిన మగటెంకియే.