ఏజెంట్ ఆరెంజ్: మాజీ సైనికుల ఆరోగ్యం

వియత్నాం యుద్ధంలో అడవుల ఆకు రాల్చడానికి, పంటలు మాడ్చడానికి అమెరికా సైన్యం 1962–71 మధ్య విమానాల నుంచి చల్లిన కలుపు మందుల్లో ప్రధానమైనది ఏజెంట్ ఆరెంజ్. పీపాలపై నారింజ రంగు పట్టీ ఉండటంతో ఆ పేరు వచ్చింది. ఇందులో 2,4-డి, 2,4,5-టి సమపాళ్లలో ఉండేవి. అసలు విషం రెండోదాని తయారీలో పుట్టే టీసీడీడీ అనే డయాక్సిన్. అది ఒంట్లోని కొవ్వులో చేరి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. చర్మంపై మొండి పొక్కులు (క్లోరాక్నే) త్వరగానే కనిపించినా లింఫోమా, ప్రొస్టేట్ క్యాన్సర్, మధుమేహం, పార్కిన్సన్స్ వంటివి దశాబ్దాల తర్వాత బయటపడ్డాయి.

మెకాంగ్ డెల్టాలో నదీతీరాల వెంట మందు చల్లించిన నౌకాదళాధికారి ఎల్మో జుమ్‌వాల్ట్ కొడుకు అక్కడే గస్తీ పడవ నడిపాడు. లింఫోమాతో 1988లో చనిపోయాడు. ఆ మందే కారణమని తండ్రీకొడుకులిద్దరూ నమ్మారు.

ఫలానా మనిషి జబ్బుకు ఇదే మూలమని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ఆ భారాన్ని రోగిపై మోపడం అన్యాయమే. 1991 నాటి చట్టం దాన్ని తగ్గించింది: వియత్నాంలో పనిచేసినవారికి జాబితాలోని జబ్బు వస్తే పరిహారం ఇస్తారు. 2022లో అధిక రక్తపోటునూ చేర్చారు. వియత్నాం బాధితులు వేసిన దావాను మాత్రం అమెరికా కోర్టు 2005లో కొట్టివేసింది.