పుపుస రక్త ప్రసరణ

గుండె కుడి భాగం నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, ఎడమ భాగానికి తిరిగివచ్చే రక్త ప్రవాహాన్ని పుపుస రక్త ప్రసరణ అంటారు. దీన్ని 13వ శతాబ్దంలోనే అరబ్బు వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్ వర్ణించాడు. ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం అనే బడి పాఠం ఇక్కడ తారుమారవుతుంది: కుడి జఠరిక ఆక్సిజన్ తగ్గిన రక్తాన్ని పుపుస ధమనిలోకే నెడుతుంది, శుభ్రపడిన రక్తం నాలుగు పుపుస సిరల ద్వారా ఎడమ కర్ణికకు చేరుతుంది.

అసలు పని ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి సంచులైన వాయుగోణుల దగ్గర జరుగుతుంది. గాలికీ రక్తానికీ మధ్య అడ్డుగోడ మందం చాలాచోట్ల ఒక మైక్రోమీటరు లోపే. మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒక ఎర్ర రక్తకణం వాయుగోణిని చుట్టిన రక్తకేశనాళికలో ఉండేది సుమారు 0.75 సెకను. కార్బన్ డయాక్సైడ్‌ను వదిలి ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో మూడోవంతు చాలు. పరుగెత్తేటప్పుడు రక్తం వేగం పెరిగినా ఆక్సిజన్ అందడం ఈ వెసులుబాటు వల్లే.

చేతికి పట్టీ చుట్టి చూసే రక్తపోటు 120/80 ఉంటే, పుపుస ధమనిలో అది సుమారు 25/10 మాత్రమే. పలుచని గోడలకు అదే రక్ష. ఎడమ జఠరిక బలహీనపడితే ఈ పీడనం పెరిగి, వాయుగోణుల్లోకి నీరు ఊరుతుంది. అందుకే పడుకుంటే ఆయాసం పెరిగి, లేచి కూర్చుంటే తగ్గేవారు ఊపిరితిత్తులతో పాటు గుండెకూ పరీక్ష చేయించుకోవాలి.